థ పొట్టలో చుక్క

మా ఆయనకి ఎత్తంటే భయం. గోడల మీద బోర్డులు రాసే మనిషికి ఎత్తంటే భయమేమిటని మీకు నవ్వు రావచ్చు. చాలామంది నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు ఆయన అక్క మొగుడు. వరుసకి నాకు అన్నయ్య అవుతాడు కాబట్టి ఇరవై రెండేళ్లుగా అన్నయ్యగారూ అనే పిలుస్తున్నాను. పిలిచిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మాలనిపిస్తుంది.

ఇద్దరిదీ ఒకటే వృత్తి. మా ఇంటి ముందుగదిలో కుర్చీలుండవు, బల్లలుండవు, నేలంతా కాగితాలే. మా ఆయన మోకాళ్ల మీద వంగి, పెన్సిలూ పొడుగు స్కేలూ పెట్టుకుని, గోడ మీద ఎంత పెద్ద అక్షరం రావాలో అంత పెద్దది కాగితం మీద గీస్తాడు. మోకాళ్లు రెండూ కాయలు కాచిపోయాయి. గీశాక ఆ గీతల వెంట సూదితో చిల్లులు పొడుస్తాడు. ఆ కాగితాన్ని గోడకి అంటించి, గుడ్డలో బొగ్గుపొడి మూటకట్టి పైన అద్దితే, పొడి చిల్లుల్లోంచి దిగి గోడ మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కలు కలిపి రంగు నింపడమే పైకి ఎక్కినవాడి పని. ఎక్కేది అన్నయ్యగారు. రంగు ఆరాక మూలన తన పేరు పొడి అక్షరాల్లో రాసి, కింద 'ఆర్టిస్ట్' అని గీత కొట్టేదీ ఆయనే. సొమ్మొకడిది, సోకొకడిది.

మా ఆయనకి అక్షరం మీద ఉన్న ప్రేమ నా మీద కూడా లేదు. అట్ట ఊడిన నిఘంటువొకటి తలగడ పక్కనే ఉంటుంది. వీధిలో పెళ్లిపత్రిక వేయించుకునేవాళ్లు కూడా వచ్చి, "ఏవండీ, ఈ మాటకి ఒత్తుందా లేదా?" అని అడిగి వెళ్తారు. ఆయనకి ఉన్నదల్లా ఆ ఒక్క గౌరవం. డబ్బు లేదు, మాటకారితనం లేదు, రాసినవాటి కింద పేరు లేదు. తప్పు రాయడు అన్న మాట ఒక్కటే ఉంది.

ఇక భయం సంగతి. పదిహేడో ఏట బావ దగ్గర పని నేర్చుకోవడానికి వెళ్లాడు. మొదటిసారి నిచ్చెన ఎక్కితే తొమ్మిదో మెట్టు దగ్గర కాళ్లు బిగుసుకుపోయాయి. పైకీ పోలేడు, కిందికీ రాలేడు. చెయ్యి అందించాల్సిన బావ చుట్టుపక్కల షాపుల్లోవాళ్లని పిలిచి మరీ చూపించాడట. పిల్లికి చెలగాటం, ఎలకకి ప్రాణసంకటం. గంట తర్వాత ఎవరో ఇద్దరు ఎక్కి దింపారు. ఆ రోజే 'నేలబారు' అని పేరు పెట్టాడు. వీడు నేల మీద బారుగా పడుండటానికే పనికొస్తాడని ఆయనగారి చమత్కారం. ఆ పేరు బజారంతా పాకింది. ఎవరు పిలిచినా మా ఆయన నవ్వి ఊరుకునేవాడు. తల్లి పోయాక పెంచిన అక్క ఆ ఇంట్లో ఉంది కదా, బావని ఒక్క మాట అంటే ఆ రాత్రి అక్కకి అన్నం సహించదని ఆయన భయం.

నేను మాత్రం ఊరుకునే మనిషిని కాను. నాకు ఓర్పు తక్కువ, జ్ఞాపకం ఎక్కువ. అన్నయ్యగారు ఏ రోజు ఏ మాట అన్నాడో, అప్పుడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో కూడా చెప్పగలను.

కిందటేడు గ్రంథాలయానికి కొత్త భవనం కట్టారు. రెండంతస్తుల పైన, రోడ్డువైపు గోడ మీద, మూడడుగుల అక్షరాలతో పేరు రాయాలి. లైబ్రేరియన్ గారు సన్నగా, గట్టిగా ఉండే మనిషి. మా ఇంటికి వచ్చి, నేల మీదే కూర్చుని, "అక్షరం తప్పు పోకూడదండీ. పుస్తకాలుండే ఇల్లు" అంది. మా ఆయన పొంగిపోయాడు. నాలుగు రోజులు గీశాడు. సగం ఊళ్లు ఆ మాటని 'గ్రంధాలయం' అని రాస్తాయి. ద కింద గీత పెడితే ధ. ఆ ధ పొట్టలో చుక్క పెడితే థ. ఆ ఒక్క చుక్క కోసం మా ఆయన కంచం అంచు పెట్టి సున్నా చుట్టి, దాని చుట్టూ సూదితో చిల్లులు పొడుస్తూ నన్ను పిలిచి మరీ చూపించాడు.

"ఇదే ప్రాణం దీనికి" అన్నాడు.

భవనం పని ఇంకా పూర్తి కాలేదు కాబట్టి గోడకి పరంజా కట్టే ఉంది. అన్నయ్యగారు దాని మీద కూర్చుని రెండు రోజుల్లో నీలం రంగు నింపేసి, మూలన సంతకం చేసి దిగాడు. పరంజా విప్పేశారు. మర్నాడు లైబ్రేరియన్ గారు రోడ్డు మీద నుంచుని తలెత్తి చూస్తే గోడ మీద 'గ్రంధాలయం' అని ఉంది. చుక్క లేదు.

ఇద్దరినీ పిలిపించింది. ఫ్లాస్కులో టీ పట్టుకుని నేనూ వెళ్లాను. గోడ కింద మేస్త్రీలు, కూలీలు, ఆ పక్క షాపులవాళ్లు, ఓ పది మంది పోగయ్యారు.

"నాకేం తెలుసండీ? కాగితం మీద ఎలా ఉంటే అలా వేశాను" అన్నాడు అన్నయ్యగారు, చేతులు తుడుచుకుంటూ. "గీసిందంతా మా నేలబారే. పాపం, చదువు అంతంతమాత్రం."

"నేను చుక్క పెట్టాను బావా" అన్నాడు మా ఆయన. "కాగితం తియ్యి, చూపిస్తాను."

"కాగితమా! పనైపోయాక ఎవడైనా దాస్తాడట్రా? చింపి పారేశాను."

లైబ్రేరియన్ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "తప్పు ఎవరిదైనా నాకనవసరం. ప్రారంభానికి నలభై రోజులుంది. ఈలోగా సరిచేయండి."

"నేను ఎక్కనండీ. పరంజా కూడా తీసేశారు. తప్పు గీసినవాడే ఎక్కి దిద్దుకుంటాడు" అని అన్నయ్యగారు మా ఆయన భుజం తట్టాడు. "ఏరా, ఎక్కుతావా?"

అందరూ నవ్వారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఆ ఫ్లాస్కులో ఉన్న వేడి టీ ఆ మనిషి నెత్తిన పోయాలనిపించింది. పోయలేదు. పోయనందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

అప్పటినుంచి మా ఆయన నిఘంటువు తెరవలేదు. ఎత్తు గురించి ఎన్ని అన్నా పడ్డాడు, అవి నిజమే కాబట్టి. ఇది అబద్ధం. వారం తిరక్కుండా చెప్పుల షాపతను కొత్త బోర్డు పని ఇస్తూ, "తప్పుల్లేకుండా చూసుకోండి, ఈమధ్య మీకు..." అని మాట మింగాడు. ఒత్తులు అడగటానికి వచ్చే వీధివాళ్లు కూడా తగ్గారు. గ్రంథాలయం వైపు వెళ్లాల్సి వస్తే మా ఆయన చుట్టు తిరిగి వేరే రోడ్డున వెళ్లడం మొదలుపెట్టాడు.

పదో రోజున నేనే అన్నాను. "ఎక్కండి."

"చస్తాను."

"చావరు. కింద నేను పట్టుకుంటాను. ఆ చుక్క మీరు పెట్టకపోతే బతికున్నంతకాలం ఆ గోడ కింద తలొంచుకుని నడవాలి మనం. అక్షరం రానివాడన్న మాట ఖాయం చేసుకుంటారా?"

ఆయన లేచి వంటింట్లోంచి స్టూలు తెచ్చి, దాని మీద ఎక్కి నుంచున్నాడు. అడుగున్నర ఎత్తు. రెండు చేతులతో గోడ పట్టుకుని పావుగంట నుంచుని, చొక్కా అంతా చెమటతో తడిపేసుకుని దిగాడు.

మర్నాడు పక్కింటి ఎలక్ట్రీషియన్ దగ్గర పొడుగు నిచ్చెన అడిగి తెచ్చి, పెరట్లోంచి వాళ్ల మేడ గోడకే వేశాను. మూడు మెట్లు ఎక్కాడు. నాలుగో మెట్టు మీద కాలు పెట్టి, కళ్లు మూసుకుని ఆగిపోయాడు. ధైర్యం చెప్పాను, బతిమాలాను, మెల్లగా ఊపిరి తీసుకోమన్నాను. ఊహూ. నాకు ఒళ్లు మండింది.

"నేను కాపరానికి వచ్చిన కొత్తలో మీ బావ ఏమన్నాడో గుర్తుందా? 'అమ్మాయ్, మీ ఆయన్ని మంచం ఎక్కించకు, కళ్లు తిరుగుతాయి, కింద చాప వెయ్యి' అన్నాడు. అంతమంది చుట్టాల ముందు!"

పైన దవడ బిగిసింది. కాలు లేచి నాలుగో మెట్టు దాటి అయిదో మెట్టు మీద పడింది.

అలా తెలిసింది మాకు కిటుకు. ధైర్యం ఎక్కడినుంచో తెచ్చుకోనక్కర్లేదు, ఇరవై రెండేళ్లుగా మా ఇంట్లోనే నిలవ ఉంది. ఆయనకి తిట్లు గుర్తుండవు, నాకు ఒక్కటీ మరుపు రాదు. మెట్టుకొకటి చొప్పున కిందనుంచి అందించాను. ఆరో మెట్టు, మా నాన్న 'అల్లుడుగారు ఏం చేస్తుంటారు' అని అడిగితే అన్నయ్యగారు 'నేల తుడుస్తుంటాడండీ' అన్నది. ఏడో మెట్టు, మేం మేడ మీద గది అద్దెకి చూసుకుంటే 'ఎక్కేటప్పుడు నన్ను పిలువు, ఎత్తుకెళ్తాను' అన్నది. ఎనిమిదో మెట్టు, మా ఆయన గీసిన అక్షరాలకి పోటీలో షీల్డు వస్తే అన్నయ్యగారు స్టేజీ ఎక్కి పుచ్చుకుని, 'మావాడు కింద చప్పట్లు కొడుతున్నాడు చూడండి' అని మైకులో చెప్పింది. ఆ షీల్డు ఇప్పటికీ వాళ్ల టీవీ మీద ఉంది.

రోజూ పొద్దున్నే ఇదే పని. మనసు శాంతిగా ఉంచుకుంటే భయం పోతుందని చెబుతారు. మా ఇంట్లో శాంతి ఉన్న రోజున ఆయన రెండు మెట్లు కూడా ఎక్కలేదు. ఒకరోజు కాలు జారి మూడో మెట్టు మీంచి పడ్డాడు. చీలమండ వాచి వారం మంచం మీదున్నాడు. ఆ వారం కూడా పక్కన కూర్చుని, మర్చిపోకుండా, పాతవన్నీ వరసగా అప్పజెప్పాను.

పదహారో మెట్టు దగ్గర నా దగ్గరున్నవి అయిపోయాయి. కొత్తగా ఏం చెప్పాలా అని నేను తలగోక్కుంటుంటే ఆయనే పైనుంచి, గోడవైపు చూస్తూ, మెల్లగా చెప్పాడు.

"ఆరోజు తొమ్మిదో మెట్టు మీద ఇరుక్కుపోయానా... భయానికి లాగులోనే పోసుకున్నాను. బావ కింద నుంచుని వేలు పెట్టి అందరికీ చూపించాడు. 'వర్షం, వర్షం' అని గొడుగు తెప్పించి వేసుకున్నాడు. నీకెప్పుడూ చెప్పలేదు."

అని రెండు మెట్లు ఒక్కసారి ఎక్కేశాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని ఏడ్చాను. జాలితో కాదు, కసితో. ఆ తర్వాత ఆయనకి నా అవసరం అంతగా లేకపోయింది. పాతికేళ్లు నోరు విప్పనివాడు తనలో తను గొణుక్కుంటూ ఎక్కడం మొదలుపెట్టాడు.

ప్రారంభానికి మూడు రోజులుందనగా, పొద్దున ఎనిమిదింటికి గ్రంథాలయం దగ్గరికి వెళ్లాం. ఎలక్ట్రీషియన్ రెండు నిచ్చెనలు జోడించి కట్టాడు, ఇరవై ఎనిమిది మెట్లు. నిచ్చెన ఒక కాలు అతను పట్టుకున్నాడు, ఒక కాలు నేను. లైబ్రేరియన్ గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చి నుంచుంది. అన్నయ్యగారికి కబురెవరు చేశారో గానీ, ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని తయారయ్యాడు. మీ దగ్గర దాచడమెందుకు, కబురు చేసింది నేనే.

"ఒరేయ్ నేలబారూ, గొడుగు తెచ్చుకోనా?" అన్నాడు.

మా ఆయన తిరిగి చూడలేదు. రంగు డబ్బా నడుముకి కట్టుకుని, బ్రష్షు జేబులో పెట్టుకుని, ఎక్కడం మొదలుపెట్టాడు. ఎక్కుతున్నంతసేపూ పెదాలు కదులుతూనే ఉన్నాయి. "పాపం, దణ్ణం పెట్టుకుంటున్నట్టున్నాడు" అంది వెనకాల ఎవరో ఆవిడ. ఏం వల్లిస్తున్నాడో నాకు తెలుసు. ఏ మెట్టు మీద ఏ మాటో కిందనుంచి నేనూ లెక్క తప్పకుండా అనుకుంటున్నాను.

ఇరవయ్యో మెట్టు దగ్గర ఆగాడు. నిచ్చెన నా అరచేతుల్లో సన్నగా అదిరింది. స్నేహితులు నవ్వారు. మళ్లీ కదిలాడు. పైకి చేరాక, అక్షరానికి మొహం ఆనించినంత దగ్గరగా పెట్టి, అలాగే ఉండిపోయాడు. ఒక నిమిషం, రెండు, మూడు.

"ఇరుక్కుపోయాడు! చెప్పానా?" అని అన్నయ్యగారు తొడ మీద చరుచుకున్నాడు.

అప్పుడు పైనుంచి నవ్వు వినిపించింది. మా ఆయన నవ్వే. నిచ్చెన మీద ఒక చెయ్యి వదిలి, జేబులోంచి ఫోను తీసి, గోడని ఫొటో తీశాడు. ఆయన చెయ్యి వదలగలడని నేను కలలో కూడా అనుకోలేదు.

"లైబ్రేరియన్ గారూ! మీ ఫోనుకి పంపించాను, చూడండి!"

ఆవిడ చూసింది. కళ్లద్దాలు తీసి మళ్లీ చూసింది. ఫొటోలో నీలం గీతల మధ్య తెల్లటి గోడ, ఆ గోడ మీద సన్నటి బొగ్గుపొడి చుక్కలు గుండ్రంగా, కంచం అంచు అంత నిండుగా. కాగితానికి చిల్లులుంటేనే కదా పొడి దిగేది, చుక్క పెట్టే ఉంది, రంగే పడలేదు. పనైపోయాక గోడని పొడిగుడ్డతో తుడవాలి. అన్నయ్యగారికి అది కూడా బద్ధకమే. చూరు కింద వాన తగలక ఆ సున్నా అలాగే ఉండిపోయింది. కిందనుంచి కనిపించదు, ఎక్కినవాడికే కనిపిస్తుంది.

ఫోను చేతులు మారింది. చెప్పుల షాపతను చూశాడు, మేస్త్రీ చూశాడు. ఆఖరికి ఆవిడే అన్నయ్యగారి మొహం ముందు పెట్టింది. "ఇదేమిటండీ?"

"అది... దుమ్మనుకున్నాను."

"అక్షరం వచ్చినవాళ్లయితే చుక్కనుకునేవారు" అంది ఆవిడ.

స్నేహితులిద్దరూ మెల్లగా పక్కకి జరిగారు. నేను నిచ్చెన వదిలితే మా ఆయన పడతాడు కాబట్టి గానీ, లేకపోతే అక్కడే ఎగిరి గంతేసేదాన్ని.

పైన మా ఆయన డబ్బా మూత తీశాడు. నీలం ఉంటుందనుకున్నాం అందరం. బ్రష్షు బయటికి వచ్చేసరికి ఎర్రగా ఉంది. తొందర పడకుండా, చుట్టూ అంచు కట్టుకుంటూ, ఆ సున్నాని చిక్కటి ఎర్ర రంగుతో నింపాడు. అంత పెద్ద నీలం మాటలో ఆ ఒక్క చుక్కా రోడ్డు చివరనుంచి కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

దిగాక లైబ్రేరియన్ గారు అడిగింది. "ఎరుపెందుకండీ?"

"అడుగుతారని" అన్నాడు మా ఆయన. "చూసిన ప్రతివాళ్లూ అడుగుతారు. అడిగినవాళ్లకి మీరు చెప్పాలి."

ఆవిడ "తప్పకుండా చెబుతాను" అంది. "మరి ఆ మూలనున్న సంతకం? చెరిపేస్తారా?"

"అయ్యో, ఎందుకు చెరపడం?" అన్నాడు. నిచ్చెన మూలకి జరపమని, ఎలక్ట్రీషియన్‌ని నీలం డబ్బా అందించమని చెప్పి, మళ్లీ ఎక్కాడు. ఈసారి పెదాలు కదల్లేదు. అన్నయ్యగారి పొడి అక్షరాల మీద, ఎండకి వెలిసిపోకుండా, ఇంకో పూత దట్టంగా వేసి దిగాడు. అన్నయ్యగారు అదంతా నుంచుని చూశాడు. మింగలేడు, కక్కలేడు.

ప్రారంభం నాడు వచ్చినవాళ్లందరూ అడిగారు. ఇప్పటికీ అడుగుతున్నారు. లైబ్రేరియన్ గారు చెబుతూనే ఉంది, పుస్తకాలు తీసుకోవడానికి వచ్చిన స్కూలు పిల్లలకి మరీ వివరంగా. ఇప్పుడు చుట్టు తిరిగి వేరే రోడ్డున వెళ్లేది అన్నయ్యగారు. మా ఆయన సొంతంగా పైకెక్కి రాస్తున్నాడు. చెమటలు ఇప్పటికీ పడతాయి, దిగాక చేతులు వణుకుతాయి, టీ గ్లాసు నేనే పట్టుకోవాలి. ఎదుటివాణ్ణి క్షమిస్తే మనసు తేలికపడుతుందంటారు. మాకు క్షమించకుండానే తేలికపడింది. అబద్ధమెందుకు చెప్పాలి?

ఒక్కటే బెంగ ఉండేది, మా వదిన. రెండు నెలలు మా గడప తొక్కలేదు. మా ఆయన రోజూ ఆ మాటే తలచుకుని అన్నం కెలికేవాడు. మొన్న ఆదివారం మధ్యాహ్నం తలుపు తట్టింది. ముందుగదిలో కాగితాలు పక్కకి జరుపుకుని నేల మీద కూర్చుంది. నేను టీ ఇచ్చాను. తాగుతూ చెప్పింది.

"తమ్ముడూ, మీ బావ బయటికి వెళ్లడం మానేశాడురా. ఆ చుక్క నీలం చేసెయ్యమని అడిగి రమ్మన్నాడు. అవసరమైతే నీ కాళ్లు కూడా పట్టుకోమన్నాడు."

మా ఆయన మొహం పాలిపోయింది. అక్క అడిగితే ఈయన ఇవ్వనిది లేదు. నేను గుమ్మం పట్టుకుని నుంచున్నాను. ఇప్పుడు గనక సరేనంటే ఆ నిచ్చెన నేనే విరగ్గొట్టాలి.

"అక్కా, ఇంకేమైనా అడుగు. అది మాత్రం చెయ్యను" అన్నాడు.

వదిన తల ఊపింది. గ్లాసులో ఉన్న ఆఖరి చుక్క కూడా తాగి, గ్లాసు కింద పెట్టి, చీర సర్దుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది.

"అడగమన్నాడు, అడిగాను. నా మాట అడిగితే మాత్రం, ఇంకాస్త పెద్దది పెట్టాల్సిందిరా."